బొల్లారం నీళ్లు, బొల్లారం రాళ్లు: ఇంటి ఆక్వేరియానికి ఫిల్టరు, అడుగు పొర ఎంపిక

సికింద్రాబాద్ ఉత్తరపు కొసన, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారంలో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు అందుబాటులో ఉంటాయి: నల్లా నీళ్లు, బోరు నీళ్లు. తాగడానికి ఒకటి, వాడకానికి మరొకటి అని ఇంటివాళ్లు వాటిని వేరుగానే చూస్తారు. కొత్త ఆక్వేరియం నింపేటప్పుడు మాత్రం ఆ తేడా మరుగున పడుతుంది. నచ్చిన చేపలు, మెరిసే రంగు రాళ్లు, దుకాణదారు చేతికిచ్చిన ఫిల్టరు ఇంటికి చేరతాయి, ఏ బకెట్టు అందితే ఆ నీళ్లు తొట్టిలోకి పోతాయి. ఎంపిక నిజానికి నీటి దగ్గర మొదలవ్వాలి. నీళ్లు ఎలాంటివో తెలిస్తే అడుగున ఏ రాయి పరచవచ్చో తేలుతుంది. అక్కడ ఏ చేప బతుకుతుందో తెలిశాక ఎంత ఫిల్టరు కావాలో లెక్క కట్టవచ్చు.

హైదరాబాద్‌లో నల్లా నీళ్లకు ‘మంజీరా నీళ్లు’ అన్న పిలుపు ఇంకా పోలేదు. 1965 నుంచి మంజీరా, తర్వాత సింగూరు, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి జలాలు నగరానికి తోడయ్యాయి. ఇవన్నీ వడకట్టి క్లోరిన్ కలిపిన నదీ జలాలు. బోరు నీళ్ల కథ వేరు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు పగుళ్లలో నిలిచి, రాతిని, దాని మీది మట్టిని తాకుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకున్న నీళ్లవి. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని కోరదగిన హద్దుగా పెట్టింది. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంది. మనిషికి సర్దుకుపోయే ఈ వ్యత్యాసం చేపకు చాలా పెద్దది. అమెజాన్ మెత్తటి నీటి నుంచి వచ్చిన నియాన్ టెట్రా ఒక కొసన, కాఠిన్యాన్ని ఇష్టపడే మోలీ, గప్పీ మరో కొసన ఉంటాయి.

అదే ప్రమాణం క్లోరిన్ కలిపిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది. కలరా, టైఫాయిడ్ క్రిములను ఆపే ఆ కాస్త క్లోరినే చేప మొప్పలను కాల్చగలదు, ఫిల్టరులో మనకు కావలసిన బ్యాక్టీరియానూ చంపగలదు. అందుకే నల్లా నీటిని ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు తెరిచి ఉంచుతారు, లేదా సోడియం థయోసల్ఫేట్ ఉండే ‘యాంటీ క్లోరిన్’ చుక్కలు కలుపుతారు. బోరు నీటికి ఈ బెడద లేదు. దానికి కావలసింది కాఠిన్యం, పీహెచ్ పరీక్ష. చుక్కల మందుతో చూసే చిన్న కిట్లు ఆక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను చూపుతుందే గాని అందులో కాఠిన్యం వాటా ఎంతో చెప్పదు.

పేరు ఒకటే అయినా పటాన్‌చెరు వైపున్న ఐడీఏ బొల్లారం వేరే చోటు. మందుల కర్మాగారాల వ్యర్థాలతో అక్కడి భూగర్భ జలాలు దెబ్బతిన్న సంగతి దేశమంతటికీ తెలుసు. 2007లో ప్రచురితమైన ఒక స్వీడన్ అధ్యయనం, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనుగొంది. చేపల తొట్టికీ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. జబ్బు చేప కోసం తొట్టిలో పోసే యాంటీబయాటిక్ జబ్బు క్రిమినీ ఫిల్టరు బ్యాక్టీరియానూ వేరు చేసి చూడదు. వైద్యం ఎప్పుడూ వేరే టబ్బులోనే జరగాలి.

ఫిల్టరు అనగానే చెత్త పట్టే జల్లెడ అనుకుంటారు. అది దాని పనుల్లో చిన్నది. చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. నైట్రేట్ మాత్రం వారం వారం కొంత నీరు మార్చితే అదుపులో ఉంటుంది, మొక్కలుంటే అవీ పీల్చుకుంటాయి. ఈ గొలుసును నడిపే జీవులను రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరు చేసి చూపాడు. రెండో మెట్టు నైట్రోబ్యాక్టర్‌దని పుస్తకాలు చాలాకాలం రాశాయి. 1990లలో అమెరికాలో ఆక్వేరియం ఫిల్టర్లను జన్యు పద్ధతుల్లో పరీక్షిస్తే అక్కడ ఆ పని ప్రధానంగా చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. 2015లో, రెండు మెట్లనూ ఒక్కటే ఎక్కే నైట్రోస్పైరా రకాలు బయటపడ్డాయి. అందులో ఒకటి దొరికింది చేపల పెంపక కేంద్రపు బయోఫిల్టరులోనే.

ఈ జీవులు నీటిలో ఈదుతూ ఉండిపోవు, దేనికో ఒకదానికి అంటుకుని పలచటి పొరగా పెరుగుతాయి. స్పాంజి రంధ్రం, సిరామిక్ రింగు గరుకు, అడుగున పరిచిన గులకరాయి ఒంటి చుట్టూ ఉన్న తలం, అన్నీ వాటికి ఇళ్లే. కాబట్టి ఫిల్టరూ అడుగు పొరా రెండు వేర్వేరు కొనుగోళ్లు కావు. ఒకటి పలచనైతే రెండోది ఆ భారం మోయాలి. అడుగున ఏమీ పరచకుండా ఖాళీ గాజు మీద ఫ్లవర్‌హార్న్ చేపను పెంచేవారికి పెద్ద ఫిల్టరు తప్పనిసరి. మొక్కలు దట్టంగా పెరిగిన తొట్టిలో చిన్న స్పాంజి ఫిల్టరు సరిపోతుంది.

పీహెచ్‌నూ ఈ లెక్కలో కలపాలి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 1 శాతం కన్నా తక్కువ. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. అందువల్ల ఒకే నెలలో, ఒకే మేతతో, క్షారగుణమున్న బోరు నీటి తొట్టిలో చేపలు చనిపోయి పక్కింటి నల్లా నీటి తొట్టిలో బతకవచ్చు. దుకాణదారును నిందించే ముందు ఈ తేడా చూడాలి.

ఇక అడుగు పొర. హైదరాబాద్ చుట్టుపక్కల రాయి విషయంలో ఆక్వేరియం పెట్టేవారు అదృష్టవంతులు, కాస్త జాగ్రత్త కూడా కావాలి. గ్రానైటు కంకర, నది ఇసుక, తెల్లగా మెరిసే పలుగురాయి నీటితో దాదాపు ఏ చర్యా జరపవు. తాండూరు బండ, షాబాద్ బండ, చలువరాయి ముక్కలు, సముద్రపు గవ్వలు, పగడపు తునకలు కాల్షియం కార్బొనేట్ ఉన్నవి. అవి మెల్లగా కరిగి కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ పెంచుతాయి. చిక్కేమిటంటే పలుగురాయి, చలువరాయి రెండూ తెల్లనివే. ఫ్లోరింగ్‌కు వాడే మొజాయిక్ చిప్స్‌ను అలంకారపు రాళ్ల పేరుతో అమ్మడమూ ఉంది.

తేల్చుకోవడం కష్టం కాదు. రాయిని గీరి పొడి రాలిన చోట వెనిగర్ చుక్క వేసి దగ్గరగా చూడాలి. చిన్న బుడగలు లేస్తే అది సున్నపు జాతి. వెనిగర్ బలహీనం కాబట్టి అనుమానం మిగిలితే ఇంకో దారి ఉంది. కడిగిన రాళ్లను ఆర్‌ఓ నీటిలో వారం రోజులు నానబెట్టి, ముందూ వెనకా టీడీఎస్ చూడాలి. అంకె బాగా పెరిగితే ఆ రాయి కరుగుతోందన్నమాట. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్‌లను పెంచేవారికి మాత్రం ఈ కరిగే రాయే కావాలి. ఆ సరస్సుల నీరు సహజంగా క్షారగుణం కలది. గట్టి బోరు నీళ్లు తప్ప మరో ఆధారం లేని ఇంట్లో నియాన్ టెట్రాల కోసం నీటితో పోరాడే కన్నా మలావీ సిక్లిడ్‌లనో, మోలీలనో పెంచుకోవడం తెలివైన పని.

నది ఇసుక ఖరీదైనప్పటి నుంచి ఇళ్ల పనుల్లో రోబో శాండ్ వాడకం పెరిగింది. కట్టుబడి దగ్గర మిగిలిన గుప్పెడు ఇసుక తొట్టిలో వేస్తే పోదా అనిపించడం సహజం. రసాయనికంగా అది గ్రానైటు పొడే, నీటిని పెద్దగా మార్చదు. కాని యంత్రం నలిపిన రేణువుల అంచులు పదునుగా ఉంటాయి. అడుగున మీసాలతో తడుముతూ మేత వెతికే కోరిడోరాస్, లోచ్ వంటి చేపలకు ఆ అంచులు మంచివి కావు. దుమ్ము పాలు ఎక్కువ గనుక నీళ్లు రోజుల తరబడి మబ్బుగా ఉంటాయి. సిమెంటు కలిసి ఉండే ప్రమాదం మరొకటి. నది ఇసుకైనా, కంకరైనా బియ్యం కడిగినట్టు నీరు తేటపడే దాకా కడగాల్సిందే. సబ్బు మాత్రం తాకకూడదు.

రేణువు సైజు చేపను బట్టి ఉంటుంది. 2 నుంచి 5 మిల్లీమీటర్ల కంకర చాలా తొట్లకు సరిపోతుంది, మధ్యలో నీరు కదులుతుంది. అంతకన్నా పెద్ద రాళ్ల సందుల్లో మేత జారి కుళ్లిపోతుంది. సన్నటి ఇసుక మీద చెత్త పైనే నిలుస్తుంది కాబట్టి గొట్టంతో లాగేయడం సులువు. అయితే లోతుగా పోస్తే గట్టిపడి, గాలి చేరని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దాని గుర్తు. ఇసుకను 3, 4 సెంటీమీటర్లకు మించి పోయకపోవడం, అప్పుడప్పుడు వేలితో కదపడం మేలు. గోల్డ్‌ఫిష్ రాళ్లను నోట్లోకి తీసుకుని ఉమ్ముతుంది. బఠాణీ గింజంత రాయి దాని గొంతుకు అడ్డం పడవచ్చు. దానికి సన్నటి ఇసుక గాని, నోట పట్టనంత పెద్ద గుండ్రాళ్లు గాని వేయాలి. రంగు పూసిన రాళ్ల సంగతి సూటిగా చెప్పాలంటే, గోటితో గీరితే రంగు లేచేవి కొనకూడదు.

మొక్కలు పెంచాలనుకుంటే కథ మారుతుంది. కంకరలో పోషకాలు లేవు. 1982లో జపాన్‌లో ఆక్వా డిజైన్ అమానో సంస్థను స్థాపించిన తకాషి అమానో ప్రభావంతో, మట్టిని కాల్చి గుళికలుగా చేసిన ఆక్వా సాయిల్ ప్రపంచమంతా వ్యాపించింది. అది నీటి కాఠిన్యాన్ని, పీహెచ్‌ను కొంత తగ్గిస్తుంది. మొదటి వారాల్లో కొన్ని రకాలు అమ్మోనియా కూడా వదులుతాయి కాబట్టి చేపలు ఆగాలి. ఖర్చు తక్కువ దారిని అమెరికన్ రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ 1999లో తన పుస్తకంలో వివరించింది: అడుగున మామూలు మట్టి, పైన కంకర మూత. బొల్లారం పరిసరాల్లోని ఎర్ర చల్కా మట్టి దీనికి పనికొస్తుంది. ఎరువులు, పురుగుమందులు పడని చోటి మట్టిని జల్లించి, 2, 3 సెంటీమీటర్లు పరిచి, అంతే మందాన కంకర కప్పాలి. నల్లరేగడి వద్దు. అది నీటిలో ఉబ్బుతుంది, అందులో తరచూ సున్నపు గుళ్లుంటాయి. ఇనుము ఎక్కువగా ఉండే లాటరైట్‌ను యూరప్ పెంపకందారులు ఒకప్పుడు ప్రత్యేకంగా కొని అడుగున కలిపేవారు. వికారాబాద్, జహీరాబాద్ పీఠభూముల మీద ఆ రాయి కాళ్ల కిందే ఉంది.

చెరువు నుంచి తెచ్చిన హైడ్రిల్లాతో జలగలు, తూనీగ పిల్లలు కూడా రావచ్చు. తూనీగ పిల్ల చిన్న చేపను తినేస్తుంది. వేరే బకెట్టులో కొన్ని రోజులు ఉంచి, వేళ్లు కడిగాకే తొట్టిలో నాటాలి.

తొలినాటి ఆక్వేరియాలకు ఫిల్టరే లేదు. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో చేపలు, మొక్కలు, నత్తలు ఒకదాన్నొకటి నిలబెట్టే తొట్టిని వర్ణించాడు. 1853లో లండన్ జూలో ప్రజల కోసం తెరిచిన చేపల గృహానికి, మరుసటి ఏడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకానికి ఆ సమతూకమే పునాది. పద్ధతి తప్పు కాదు, కాని చేపలు చాలా తక్కువ ఉండాలి. ఇంటి తొట్టిలో అంత తక్కువ చేపలతో తృప్తిపడేవారు అరుదు. విద్యుత్తు వచ్చాక పంపులు వచ్చాయి. 1950లలో అడుగు పొరనే ఫిల్టరుగా మార్చే అండర్ గ్రావెల్ పలక ప్రాచుర్యం పొందింది. కంకర కింద రంధ్రాల పలక పెట్టి, గాలి బుడగలతో నీటిని కిందికి లాగే ఈ ఏర్పాటు చవక, బ్యాక్టీరియాకు విశాలం. లోపం కూడా అక్కడే ఉంది. చెత్తంతా పలక కింద చేరుతుంది, ఇసుకైతే రంధ్రాలు పూడతాయి, మొక్కల వేళ్లు అల్లుకుంటాయి.

నేటి తొట్లలో మొదటిసారి పెట్టేవారికి అన్నిటికన్నా నమ్మకమైనది గాలితో నడిచే స్పాంజి ఫిల్టరు. ఎయిర్ పంపు గాలి బుడగలు పైకి లేస్తూ నీటిని స్పాంజి గుండా లాగుతాయి. గప్పీ పిల్లలు అందులో చిక్కవు, ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది, పాడయ్యే భాగాలు దాదాపు లేవు. అందంగా కనిపించదు, సన్నటి మురికిని అంత బాగా పట్టదు. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే టాప్ ఫిల్టరు, పవర్‌హెడ్ అనే చిన్న పంపుతో నీటిని తొట్టి మీది పెట్టెలోకి ఎత్తి, దూది, స్పాంజి, రింగుల మీదుగా వదులుతుంది. నీరు గాలిని తాకుతూ పడటం దాని బలం, కడగడం సులువు. పై నుంచి వెలుతురును కొంత అడ్డుకుంటుంది. తొట్టి అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టరు చిన్న తొట్లకు చక్కగా ఒదుగుతుంది. జర్మన్ సంస్థ ఏహైమ్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన క్యానిస్టరు, తొట్టి కింద మూసిన డబ్బాలో ఎక్కువ మీడియాను, అంటే స్పాంజి, రింగుల వంటి వాటిని, పట్టిస్తుంది. పెద్ద తొట్టికి, మొక్కల తొట్టికి అది మంచిది, ధర ఎక్కువ.

లోపల ఏం నింపాలన్నది ఫిల్టరు రకం కన్నా ముఖ్యం. నీరు మొదట ముతక స్పాంజిని, తర్వాత సన్న దూదిని, చివర సిరామిక్ రింగులను దాటాలి. వరుస తిరగబడితే రింగులు మురికితో పూడిపోతాయి. యాక్టివేటెడ్ కార్బన్ మందు రంగును, వాసనను తీస్తుంది గాని అమ్మోనియాను తీయదు. ప్రతి తొట్టికీ అది అవసరం లేదు.

ఉదాహరణకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిని చూద్దాం. ఘనపు అడుగుకు 28.3 లీటర్ల లెక్కన దాని పూర్తి పరిమాణం సుమారు 56 లీటర్లు. పై అంచు వదిలి, రాళ్లు పోశాక నిలిచే నీరు దాదాపు 45. అడుగున 5 సెంటీమీటర్ల కంకర పరచడానికి 13, 14 కిలోలు కావాలి. గాజుతో కలిపి మొత్తం 70 కిలోల చుట్టూ తేలుతుంది, పుస్తకాల అర దీన్ని మోయలేదు. గంటకు తొట్టి నీటికి నాలుగు నుంచి ఆరు రెట్లు తిరగాలన్న వాడుక ప్రకారం గంటకు 200 నుంచి 300 లీటర్ల ఫిల్టరు చాలు. డబ్బా మీది అంకె ఖాళీ పంపుది, స్పాంజి నిండాక ప్రవాహం తగ్గుతుంది. అలాగని నాలుగింతలు పెద్దది తెస్తే పొడవు తోక గప్పీ, ఫైటర్ ఆ ప్రవాహంలో అలసిపోతాయి. 5 వాట్ల పంపు నెలంతా ఆగకుండా తిరిగినా మూడున్నర యూనిట్లే అవుతుంది. కరెంటు ఆదా కోసం రాత్రి ఫిల్టరు ఆపేయడం వల్ల చేపకు జరిగే నష్టం చాలా పెద్దది.

ఫైటర్, గౌరామీ పై గాలిని పీల్చగలవు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకూ ఆ శక్తి ఉంది. ఈ శక్తిని చూసి గాజు గిన్నెలో ఫైటర్‌కు ఫిల్టరు అక్కర్లేదంటారు. గాలి దొరకడం వేరు, అమ్మోనియా పోవడం వేరు. మొప్పలు దానికీ కాలతాయి.

ఫిల్టరు బదులు ‘ట్యాంక్ క్లీనర్’ అంటూ సక్కర్ చేపను అంటగట్టడం ఇంకో అలవాటు. అది గాజు మీది నాచును కొంత గీకుతుంది, బదులుగా బోలెడు మలం వేస్తుంది, ఒక అడుగు పొడవు దాటి పెరుగుతుంది. తొట్టి చాలక చెరువులో వదిలేసిన సక్కర్లు ఇప్పుడు మన జలాశయాల్లో స్థిరపడి దేశీ చేపల చోటును ఆక్రమిస్తున్నాయి, జాలర్ల వలలు చింపుతున్నాయి. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల జలాశయాల్లో దాని వ్యాప్తిని గుర్తించారు. పెంచలేని చేపను దుకాణానికి తిరిగివ్వాలి గాని చెరువులో వదలకూడదు.

కొత్త తొట్టిలో బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపైతే వీటికి సగం రోజో, అంతకన్నా ఎక్కువో కావాలి. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా పరీక్షించడం శుభ్రమైన పద్ధతి. ఆరోగ్యమైన పాత తొట్టి నుంచి స్పాంజి ముక్క, గుప్పెడు కంకర తెచ్చుకుంటే ఈ గడువు బాగా తగ్గుతుంది. హైదరాబాద్ వేడి ఇక్కడ మేలే చేస్తుంది, ఈ జీవులు 25 నుంచి 30 డిగ్రీల మధ్య చురుకుగా ఉంటాయి.

తర్వాత చాలా తొట్లు దెబ్బతినేది శుభ్రత పేరుతోనే. స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లబడేదాకా ఉతికితే క్లోరిన్ నెలల పంటను తుడిచేస్తుంది. తొట్టిలోంచి తీసిన పాత నీటిలో నాలుగుసార్లు పిండితే చాలు. స్పాంజి, రింగులు, కంకర మూడింటినీ ఒకే రోజు కదపకూడదు.

వేసవి అసలు పరీక్ష. 20 డిగ్రీల నీరు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 డిగ్రీల నీరు ఏడున్నర పట్టుకుంటుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి బ్యాక్టీరియా నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ వాడుకుంటుంది, కాబట్టి చేపా ఫిల్టరూ ఒకే నిల్వ కోసం పోటీ పడతాయి. మే నెలలో ఫిల్టరు మూతిని నీటి పైతలం అలలు రేగేలా తిప్పాలి. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు స్పాంజి ఫిల్టరును ఆపకుండా నడిపిస్తుంది. మూసిన క్యానిస్టరులో కొన్ని గంటల్లో ఆక్సిజన్ అయిపోతుంది. చాలాసేపటి కోత తర్వాత అందులోని నీటిని పారబోసి, మీడియాను తొట్టి నీటితో తడిపి తిరిగి మొదలుపెట్టాలి.

ఎండలకు ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. తగ్గిన మట్టాన్ని రోజూ బోరు నీటితో నింపుతూ పోతే, అడుగున సున్నపు రాయి లేకపోయినా కాఠిన్యం వారం వారం పెరుగుతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీటితో నింపి, వారానికోసారి నాలుగో వంతు నీటిని తీసి కొత్త నీరు పోసినప్పుడు మాత్రం ఎప్పటి నల్లా నీటినో బోరు నీటినో వాడితే అంకె నిలకడగా ఉంటుంది.